ఎడమచేతి బీడీ

ఈ సంగతి జరిగినప్పుడు నేను రాయలేకపోయిన. అప్పటికి నాకు అక్షరాలు రావు. ఎవరు ఏ కాయిదం ముందట పెట్టినా బొటనవేలు చాపుడే, నిశాని వేసుడే. నలభై దాటినంక అక్షరాలు నేర్చుకున్న. నేర్చుకున్నంక కూడ చాన ఏండ్లు రాయలేదు. బస్సు మీది బోర్డు, మందుల చీటి, గోడల మీది రాతలు, ఇవన్ని కూడబలుక్కుంటనే పొద్దులు గడిచినయి. సొంత సంగతి రాయాలంటే ఒక్కకాడ కూసోవాలె. బీడీల చాట ఒళ్లె ఉంటేనే నేను ఒక్కకాడ కూసుంట. చాట లేకుంటే లేస్త, వాకిట్లకు పోత, మళ్ల వస్త. ఈ సంగతి కూడ చాట లేని దినాలదే.

తెలంగాణ కోసం అందరు పనులు బందు పెట్టిన దినాలవి. బస్సులు డిపోల నుంచి బయటికి రాలేదు. బడులు, కాలేజీలు మూసిండ్రు. బొగ్గుబాయిలల్ల పని ఆగింది కాబట్టి కరెంటు ఎప్పుడు వస్తదో, ఎప్పుడు పోతదో చెప్పస్తలేదు. మా కోరుట్లల రోడ్డు పక్కన టెంటు వేసి దినాం కొందరు దీక్షకు కూసునేది. మేము ఆడోళ్లం కూడ పోయినం. రోడ్డు మీదనే పొయ్యిలు పెట్టి వండినం, అక్కడనే తిన్నం. అక్కడ ఎంత కూసున్నా నా వేళ్లు మాత్రం ఊకోకపోయేటియి. లారీలు నడుస్తలేవు, కార్ఖానకు బీడీలు చుట్టే తునికాకు వస్తలేదు. ఏడేండ్ల వయసు నుంచి బీడీలు చేసిన చేతులకు ఒక్కసారి పని లేకుంట పోయింది.

ఇంట్ల ఆకు కత్తిరించే రేకు, కత్తెర కనపడుకుంట ఉండేటియి. రేకు అంటే ఆకు మీద పెట్టి, దాని కొలతకు కోసుకునే తగరపు ముక్క. ఒకనాడు తెల్వకుంటనే పాత పేపరు తీసి, రేకు పెట్టి కోసుకుంట కూసున్న. నా బిడ్డ వచ్చి చూసి, "అమ్మా, సగం వార్త కోసినవు, మిగిలిన సగం ఎట్ల చదువుడు?" అన్నది. నవ్వుకుంటనే అన్నది. నేను ముక్కలన్ని ఎత్తి పొయ్యిల పెట్టిన.

నా బిడ్డ జగిత్యాలల హాస్టల్ల ఉండి డిగ్రీ చదువుతుండె. కాలేజీలు మూసేసరికి ఇంటికి వచ్చింది. దాని నాయిన భీవండిల మగ్గాల మీద పని చేస్తుండె. అందుకే ఇంట్ల ఇద్దరమే. అది ఎన్నో నెలలకు ఇన్ని దినాలు నా దగ్గర ఉన్నది. సంబురమే కాని, దానికి నాతోని మాట్లాడే మాట దొరుకుతలేదు. అన్నం తిన్నవా, నీళ్లు తోడినవా అనే కాడికే ఆగిపోతున్నం. ఫోన్ల దోస్తులతోని మాత్రం గంటలు గంటలు నవ్వుకుంట మాట్లాడేది. ఆ నవ్వు గోడ అవుతల నుంచి ఇనవడేది.

మా ఇంటి పక్కన ఒక ముస్లిం అక్క ఉండేది, అందరం ఆపా అనే పిలిచేది. ఆమె కూడ బీడీలే చేస్తది. ఆమె ఇంట్ల టీవీ, దాని కింద సీడీలు వేసే డబ్బా ఉన్నది. సమ్మె మొదలైన నాడు ఆపా ఒక కామెడీ సినిమా సీడీ కిరాయికి తెచ్చింది. తెల్లారేసరికి సీడీల షాపు మూసి, షాపాయన టెంటుల కూసున్నడు. సీడీ వాపసు ఇచ్చేది లేదు, ఇంకోటి తెచ్చేది లేదు. కరెంటు వచ్చిందంటే ఆ ఒక్క సినిమానే. పది దినాలల్ల మాకు మాటలన్ని నోటికి వచ్చినయి. ఎవరన్నా ముందటి మాట అంటే ఆపా వెనుకటి మాట అందుకునేది.

ఆపా ఇంటి ముందటి అర్రల ఒక బడి సారు కిరాయికి ఉండె. సమ్మెల ఉన్నడు కాబట్టి పొద్దంత టెంటు కాడ, సాయంత్రం కరెంటు వస్తే మాతోని టీవీ కాడ. నవ్వే సినిమా నాలుగోసారికి నవ్వొస్తలేదు. అప్పుడు సారు ఒక ఆట మొదలువెట్టిండు. సినిమాల తప్పులు పట్టుడు. ఒక బొమ్మల ఒక తీరు ఉన్నది మరుసటి బొమ్మల ఇంకో తీరు ఎట్ల అయిందో చెప్పాలె. బడిల మిగిలిన ఒక పొడుగు నోటుబుక్కు తెచ్చి, ఎవరు ఏది పట్టిండ్రో వాళ్ల పేరు మీద రాసుకుంట పోయిండు.

అట్ల చూడంగ చూడంగ సినిమా అంత తప్పులే కనపడ్డయి. అత్త నుదుటి మీద గుండ్రం బొట్టు ఒకసారి పొడుగు బొట్టు అయితది. మామ చాయి సగం తాగి పెడుతడు, మళ్ల చూస్తే గిలాస నిండ ఉంటది. పెండ్లి పందిరి ఎనుక బర్రె ఒకసారి గుంజకు కట్టేసి ఉంటది, ఒకసారి ఉండనే ఉండది. బర్రె తప్పును నా బిడ్డ పట్టింది. ఆపా మాత్రం ఒప్పుకోలేదు. ఎన్ని దినాలని అదే గుంజకు ఉంటది, గడ్డి తినదా, నీళ్లు తాగదా అని కొట్లాడింది. సినిమాల అదంత ఒకటే ఘడియ ఆపా అని సారు చెప్పినా, బర్రెకు ఆ సంగతి ఎట్ల తెలుస్తదని అడిగింది. ఆ నాడు ఆ బర్రె మీద గంట సేపు పంచాయితీ అయింది. కడకు సారు బర్రెను రాసి, దాని పక్కన ఆపా మాట కూడ రాసిండు.

నా పేరు మీద ఒక్కటి రాలేదు. నేను చూస్తనే ఉంటిని. నేను పట్టేసరికి ఎవరో ఒకరు ముందే పట్టేది.

సినిమాల ఒక అల్లుడు ఉంటడు. బీడీ ముట్టనని అత్త మీద ఒట్టు పెడుతడు, చాటుకు పోయి తాగుతడు. ఒక దుకాణం ముందట బల్ల మీద కూసోని బీడీ ముట్టిస్తడు. అప్పుడు వాని మొకం, చెయ్యి, బీడీ టీవీ నిండ పెద్దగ కనపడ్తయి. దూరం నుంచి అత్త పిలుస్తది. మళ్ల వాని మొకం పెద్దగ వస్తది, నోట్లె బీడీ ఉంటది, భయానికి కండ్లు గుండ్రంగ తిరుగుతయి. అందరు నవ్వే కాడ అది.

ఆ రెండో మొకంల సారు మూడు తప్పులు పట్టిండు. అంగి జేబు ఎడమ దిక్కున్నది కుడి దిక్కు వచ్చింది. గడియారం చెయ్యి మారింది. పాపిడి అటుది ఇటు అయింది. ఒక్కకాడనే మూడు అని సారు మురిసిండు. నా బిడ్డ రిమోటు తీసుకోని ఆ బొమ్మను ఆపింది, అందరం దగ్గరికి జరిగి చూసినం. నాకు జేబు కనపడలేదు, గడియారం కనపడలేదు. బీడీ కనపడ్డది.

బీడీ చుట్టినప్పుడు ఆకు అంచు దాని చుట్టూ ఏటవాలుగ పోతది. కుడిచేతోళ్లు చేస్తే ఒక దిక్కు వాలుతది, ఎడమచేతోళ్లు చేస్తే ఇంకో దిక్కు. బీడీలు చేసేటోళ్లకు కుప్పల కెళ్లి ఒక్కటి తీసి ఇచ్చినా ఏ చేతిదో చెప్తరు. మొదటి మొకంల ఉన్నది కుడిచేతి బీడీ. రెండో మొకంల ఉన్నది ఎడమచేతి బీడీ.

"గది ఎడమచేతోళ్లు చేసిన బీడీ," అన్న.

సారు నా దిక్కు చూసి, "అక్కా, ఎడమచేతోళ్ల కోసం సినిమావాళ్లు ఊరూరు దేవులాడిండ్రా?" అన్నడు.

అందరు నవ్విండ్రు. నేను కూడ నవ్వుతనే ఉన్న. అప్పుడు నా బిడ్డ అన్నది: "మా అమ్మకు ఎక్కడ చూసినా బీడీలే కనపడ్తయి సార్. ఆమెకు ఇంకేం తెల్వది."

చెడ్డగ అనలేదు. నాకోసమే సారుకు సముదాయించినట్టు అన్నది. అందుకే ఎక్కువ తాకింది. సారు పుస్తకంల జేబు, గడియారం, పాపిడి రాసిండు, బీడీ రాయలేదు. ఇంటికి వచ్చి నేను అన్నం వండిన కాని ఏం వండిన్నో తెల్వలేదు. కాలేజీలు తెరిస్తే బిడ్డ జగిత్యాలకు పోతది. ఈసారి పోతే మళ్ల ఎన్ని నెలలకో. అది పోకముందు ఒక్కసారి, మా అమ్మ సరిగ్గనే చూసింది అని అనాలె. నాకు ఇంకేం వద్దనిపించింది. దినాం పొద్దున లేస్తే మొదలు టెంటు కాడికి పోయి, కాలేజీలు తెరుస్తరట అని ఎవరన్న అంటున్నరా అని ఇనేది. అనకుంటే నెమ్మది అయ్యేది. అందరు సమ్మె గెలవాలని కూసున్నరు, నేనేమో ఇంక నాలుగు దినాలు ఆగాలని చూస్తున్న. సిగ్గు కూడ అయ్యేది.

మరునాడు సారు ముందట నేను చేసిన బీడీ ఒకటి పెట్టిన. కార్ఖానల మంచిగ లేదని తీసేస్తే ఇంట్ల పడి ఉన్నది. అల్లుడు బీడీని తిప్పి పట్టుకున్నడేమో, అందుకే వాలు మారినట్టు కనపడ్డదేమో అని సారు అన్నడు. తిప్పి చూడుండ్రి అన్న. సారు కిందిది మీదికి చేసిండు, మీదిది కిందికి చేసిండు. ఎట్ల పట్టుకున్నా ఆకు ఒక్క దిక్కే వాలింది. బీడీ నా చేతుల పెట్టి, టీవీ చిన్నది అక్కా, గంత సన్నగ మనకు కనపడదు అన్నడు. నీకు కనపడలేదను, కనపడదు అనకు అని నోటి దాకా వచ్చింది.

సిరిసిల్లల ఉండే మా అవ్వది, నన్ను కన్నతల్లిది, ఎడమ చెయ్యి. ఆమె చేసిన బీడీ తెచ్చి టీవీ పక్కన పెడ్తే ఇంక మాట ఉండది అనుకున్న. బస్సులు లేవు. బిడ్డతోని అవ్వకు పానం మంచిగ లేదట అని అబద్ధం చెప్పి, పొద్దుగాలనే ఆటో ఎక్కిన. ఒక ఆటోల కథలాపూర్ దాకా, ఇంకోదాంట్ల వేములవాడ దాకా, మళ్ల ఇంకోటి. నడుమ రెండు జాగలల్ల రోడ్డుకు అడ్డం కూసున్నరు. దిగి, వాళ్లతోని కొద్దిసేపు కూసోని, అటు దిక్కు నడిచి ఇంకో ఆటో పట్టిన. ఎటు పోతున్నవు చెల్లే అని ఒకాయన అడిగితే, అవ్వ దగ్గరికి అన్న. ఎందుకు అని అడగకపోవుడు మంచిదైంది.

సిరిసిల్లల మగ్గాలు కూడ కరెంటు లేక ఊకున్నయి. ఎప్పుడు పోయినా గల్లీల చప్పుడుకు గట్టిగ మాట్లాడాల్సి వచ్చేది. ఆ నాడు నా చెప్పుల చప్పుడు నాకే ఇనవడ్డది. అవ్వ వాకిట్ల కూసోని ఉన్నది. విషయం చెప్పిన. సినిమాల బీడీ కోసం ఇంత దూరం వచ్చిన్నని ఇని అవ్వ నన్ను కింద నుంచి మీదికి చూసింది.

"పిచ్చి లేసిందా బిడ్డా నీకు? నడుమ అన్నమన్నా తిన్నవా?"

తినలేదన్న. అన్నం పెట్టి, నేను తింటుంటే దాచుకున్న ఆకుల కెళ్లి రెండు ఏరి తడిపింది. కండ్లు ఆనకున్నా చెయ్యి తడబడలేదు. రెండు బీడీలు చేసి దారం కట్టి, మిగిలిన ఆకు ముక్కల చుట్టి నా కొంగుల ముడి వేసింది. నేను చిన్నప్పుడు ఆమె దగ్గర కూసోని నేర్చుకున్న. ఆమె ఎడమ చెయ్యి చూసుకుంట నేను కుడి చేత్తోని చేసేది కాబట్టి నాకు ఎదురుబొదురుగ కూసుంటనే అల్కగ వచ్చేది. ఆ ముచ్చట కూడ ఆ నాడే యాదికి వచ్చింది.

పొద్దు గూకకముందే కోరుట్లకు వచ్చిన. వచ్చేసరికి బిడ్డ బట్టలు మడత పెడుతున్నది. రెండు దినాలల్ల కాలేజీలు తెరుస్తరని జగిత్యాల నుంచి దోస్తు ఫోన్ చేసిందట.

టీవీ పక్కన అవ్వ బీడీ పెట్టి చూపిస్తే ఆపా మాత్రం వెంటనే ఒప్పుకున్నది. ఆమెది కూడ బీడీల చెయ్యే కదా. సారు చూసి, సరే అక్కా, ఎడమచేతి బీడీనే అనుకుందాం, రెండు కంపెనీల బీడీలు జేబుల ఉండొచ్చు కదా అన్నడు. అది కూడ నిజమే. బిడ్డ, "అమ్మా, గింత దూరం పోయింది గిందుకేనా?" అన్నది. అమ్మమ్మ పానం సంగతి అడగలేదు. అబద్ధమని తెలిసిపోయింది.

తెల్లారి బొట్టు పెట్టుకుందామని అద్దం ముందట నిలబడ్డ. కొంగు ముడి విప్పి అవ్వ బీడీ చేతుల పట్టుకోనే ఉన్న. అద్దంల చూస్తే నా చేతుల కుడిచేతి బీడీ ఉన్నది. కిందికి చూసిన, ఎడమచేతిది. అద్దంల చూసిన, కుడిచేతిది. ఉరికి పోయి నా బీడీ తెచ్చి పెట్టిన, అద్దంల అది ఎడమచేతిది అయింది. ముక్కుపుల్ల దిక్కు చూసిన. ఎడమ ముక్కుకు ఉన్నది అద్దంలోని ఆమెకు కుడి ముక్కుకు ఉన్నది. ఇన్నేండ్ల నుంచి దినాం చూస్తున్న అద్దం అది. జేబు, గడియారం, పాపిడి, బీడీ. నాలుగు తప్పులు కావు, రెండు కంపెనీల బీడీలు కావు. నేను కూడ తప్పే అన్న. అది ఎడమచేతి బీడీ కానే కాదు. ఆ బొమ్మనే అద్దంల లెక్క తిరగవడ్డది.

ఆ నాడు కరెంటు వచ్చేదాక నేను ఎన్నిసార్లు ఆపా ఇంటికి పోయి వచ్చిన్నో. నాలుగు గంటలు కొట్టంగ కరెంటు వచ్చింది. గోడకున్న అద్దం తీసుకోని పోయిన. సారు అప్పుడే టెంటు కాడ నుంచి వచ్చిండు. బిడ్డను టీవీకి ఎదురుగ కాదు, టీవీకి వీపు పెట్టి కూసోమన్న. అద్దం దాని చేతికి ఇచ్చిన. ఆపా బొమ్మను ఆపింది.

బిడ్డ అద్దంల చూసింది. జేబు ఎడమకు వచ్చింది అన్నది. గడియారం, పాపిడి కూడ అన్నది. బీడీ ఎట్లున్నది అని నేను అడిగిన. దాని చేతుల నా బీడీ పెట్టిన. అది అద్దం, బీడీ, అద్దం, బీడీ రెండు మూడుసార్లు చూసింది.

"అమ్మా, నీ బీడీ తీరుగనే ఉన్నది."

అంతల దాని మొకం మారింది. అద్దం దగ్గరికి తెచ్చుకున్నది. అల్లుని చెవు ఎనుక దుకాణం బోర్డు కొంచెం కనపడ్తదట. ఇన్ని దినాలు అందరం మొకమే చూసినం, బోర్డు ఎవరు చూడలేదు. టీవీల అక్షరాలు తిరగవడి ఉన్నయి, అద్దంల చదవొస్తున్నయి అన్నది. సారు ఉరికొచ్చి చూసిండు. అత్త వచ్చే దిక్కుకు అల్లుడు చూడాలని బొమ్మను తిప్పి అతికిచ్చి ఉంటరు అని ఆయననే చెప్పిండు. ఇంక నవ్వలేదు.

టెంటుల ఒకాయన సారు కోసం వచ్చి వాకిట్ల నిలబడ్డడు. సారు మురిసిపోయి, మేమొక తప్పు పట్టినం చూడుండ్రి అని ఆయనను పిలిచిండు. బిడ్డ అద్దం దించలేదు.

"మేం కాదు సార్. మా అమ్మ పట్టింది."

నేను దానికోసమే ఇన్ని దినాలు తిరిగిన. ఆ మాట ఇన్నంక నెమ్మదిగ ఉండాలె. కాని బిడ్డ నన్ను పక్కన కూసోపెట్టుకోని, నువ్వు కూడ చూడు అమ్మా, బోర్డు చూడు అని అద్దం నాకు ఇచ్చింది. చూసిన. తల తిప్పి టీవీల చూసిన. మళ్ల అద్దంల చూసిన. బీడీ వాలు మారుడు కనపడ్డది. అక్షరాలు మాత్రం ఇటు చూసినా అటు చూసినా ఒక్కతీరుగనే ఉన్నయి. ఏది తిన్నగున్నదో, ఏది తిరగవడ్డదో నాకు తెల్వలేదు.

"కనపడ్డదా?" అని అడిగింది.

కనపడలేదన్న. బిడ్డ నా చేతుల కెళ్లి అద్దం మెల్లగ తీసుకున్నది. సారు అంతల పుస్తకం తీసి, మూడు తప్పులు కొట్టేసి, ఒక్కటి రాసిండు. పక్కన నా పేరు రాస్తున్న అక్కా అన్నడు. ఆగుండ్రి అన్న. జాగ ఉంచుండ్రి, నేను రాస్త అన్న. ఎందుకు అన్నన్నో నాకే తెల్వదు. సారు పెన్ను ఎత్తిండు. ఒక గీత ఖాళీ ఉంచిండు.

ఇంటికి వచ్చినంక బిడ్డను నా పేరు ఒక కాయిదం మీద పెద్దగ రాసి పెట్టమన్న. రాసి, గూట్లె అద్దం కింద పెట్టింది.

తెల్లారి అది లేవకముందే వాకిలి ఊకి, పేడనీళ్ల సాన్పు చల్లిన. అవ్వ తడిపిన ఆకుల ముక్క ఒకటి కొంగుల మిగిలి ఉన్నది, దాన్ని మళ్ల తడి చేసిన. ఆకు మీద గోరుతోని గీస్తే గీత పడ్తది. కాయిదం చూసుకుంట మొదటి అక్షరం గీసిన. రెండుసార్లు ఆకు చినిగింది, పక్కకు గీసిన. మూడోసారి వచ్చింది. దాన్ని అద్దంకు చూపిచ్చిన. కుడి దిక్కున్న తోక అద్దంల ఎడమ దిక్కు పోయింది. నాకు కనపడ్డది. బిడ్డ జగిత్యాలకు సర్దుకున్న సంచి తలాపుకు పెట్టుకోని నిద్రపోతున్నది. దాని పక్కన కూసోని రెండో అక్షరం గీసుడు మొదలువెట్టిన.